రెండో పక్క

రాత్రి రెండుంపావు.
తాడిపత్రిలో ఆకు కదల్లేదు.
అమ్మ మిద్దెమీద నిద్రపోతాంది.
ఓబులేశ్వరికి ఆస్పత్రిలో నైట్ డ్యూటీ,
బుడ్డదానికి నేను కాపలా.

చప్పుడయింది.
పెద్దదేం కాదు,
తడిగుడ్డ నేలమీద జారినంత.
ఫోను లైటేసి చూద్దును గదా,
కటకటాల మంచంలో
ఎల్లకిల పండబెట్టిన పిల్ల
బోర్లా ఉంది.
ఒక చెయ్యి రొమ్ముకింద ఇరుక్కోని
మొగం పరుపుకేసి
వీపు నాకు చూపిస్తాంది.

గుండె గొంతులోకొచ్చింది.
రెండు చేతులేసి తిప్పినా.
నన్నొక చూపు చూసింది.
కాలెత్తింది, నడుము మెలేసింది,
మళ్లీ బోర్లా.
తిప్పినా.
మళ్లీ.
ఏడుసార్ల దాకా లెక్కుంది,
ఆ తర్వాత చెమట.

నేను చేసేది తిప్పే పనే.
పాలిష్ ఫ్యాక్టరీలో నల్లబండ ఒక పక్క నున్నగయినాక
నేనొక కొస, ఖాజామొద్దీన్ ఒక కొస,
వాడు "హా" అంటే నేను "హూ" అని
రెండో పక్కకేస్తాం.
ఇద్దరు లేంది బండ తిరగదు.
తిప్పకపోతే ఎన్నేండ్లయినా
మర్యాదగా అట్లే పడుంటాది పాపం.
ఇది ఆరు కిలోలు.
దీనికెవురూ "హా" అనలేదు.

ఫోన్ చేసినా.
ఓబులేశ్వరి గొంతు వెనక ఎవరో మూలుగుతాండారు.
"దిండుందా?"
"ఉంది."
"తీసెయ్. బొంత?"
"నువ్వే గదా కప్పి పోయింది."
"తీసెయ్. అత్తమ్మ కుట్టిన గుడ్డ చిలక కూడా.
ఇంక గుడ్డలో బిగించి చుట్టొద్దు.
ఎప్పుడు పండబెట్టినా ఎల్లకిలే పండబెట్టు.
బోర్లాపడితే మెల్లగా తిప్పు."
"ఎన్నిసార్లని?"
"అటూ ఇటూ తిరిగేది దానికే వచ్చిందాకా.
వచ్చినాక నీతో పనిలేదు."
పెట్టేసింది.

దిండు తీసినా, బొంత తీసినా,
చిలకను అల్మారా పైకెక్కించినా.
మంచంలో ఇంక
పిల్లా, బిగువుగా పరిచిన దుప్పటీ.
ఏదో దొంగతనం జరిగిన ఇల్లులాగుంది.

పక్కనే నేలమీద కూర్చున్నా,
ఊపిరి వింటా.
ఇది నాకు కొత్త పని కాదు.
నాయన ఆఖరి ఏడాది
రాతిదుమ్ము రొమ్ములో గట్టిపడి
ఎల్లకిల పండుకోలేకపోయినాడు.
మూడు దిండ్లు వీపుకేసి గోడకానించేవాణ్ణి.
ఎంత తిప్పినా ఏ పక్కా ఆయనకు సరిపోలేదు.
ఆ ఊపిరి రంపం మాదిరి కోసేది.
అది ఆగినరాత్రి
నిశ్శబ్దానికి మెలకువొచ్చింది నాకు.

అందుకే
దీని ఊపిరి వినబడకపోతే వొంగి
చెంప దాని ముక్కుకాడ పెడతా.
వెచ్చగా తగులుతాది.
పాలవాసన.
సరే అని కూర్చుంటా.
మళ్లీ ఒంగుతా.

మూడున్నరకు రైలు కూత పెట్టింది.
నాలుగుకు బోర్లాపడింది.
చేతులు చాపబోయినా,
ఎందుకో ఆగినా, ఒక గుక్క సేపు.
తల లేపింది, తాబేలు లాగ.
అరచేతుల మీద వొణికింది.
తల బరువుకే ఒక పక్క ఒరిగి
దబ్బున
ఎల్లకిల.

దానికే ఆశ్చర్యం.
ఫ్యాను చూసింది, నన్ను చూసింది,
ఏడ్సాల్నా వొద్దా అని ఆలోచించి
కాలిబొటనవేలు పట్టుకునింది.

చాపిన చేతులు అట్లే ఉన్నాయి నాకు,
కొస దొరకని బండకాడ మాదిరి.

తెల్లారి అమ్మ దిగొచ్చి
"బోర్లాపడిందా! ఓళిగలు చెయ్యాల" అని
బెల్లం దంచుతాంది.
ఎల్లకిల కూడా తిరిగిందమ్మా అని చెప్పినా.
రోకలి ఆపి
కొంచేపు ఆలోచించింది.
"దానికేం చేస్తారో
మా అమ్మ చెప్పలేదు నాయనా" అనింది.

ఓబులేశ్వరి వచ్చేసరికి
బుడ్డది నిద్రపోతాంది, పక్కకు తిరిగి.
అది ఏ పక్కో
నేను అడగలేదు.